చూరు దాటిన ఎల్మ్

ఏల్సుమ్,
నవంబరు 1977

గాలిమర యజమాని శ్రీ ఔకె గారికి,

చెల్లెలు హిస్కె రాయునది. తమరు మర మెట్ల మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకున్నందుకు, కూతురు వచ్చి తమరిని దేశానికి ఆ చివరనున్న లింబుర్గ్ కొండల్లోకి ఎత్తుకుపోయినందుకు విచారిస్తున్నాను. విచారం అయిపోయింది కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ నవంబరులో నా చెట్టుకి క్షవరం లేదు.

పెళ్ళయిన ఏడాది మా ఆయన మైండెర్ట్ పెరటి మూలన ఎల్మ్ మొక్క నాటాడు. వంటింటి కిటికీలోంచి కనపడుతుందని నాటాడు, అంతే. నైరుతి గాలి ఆ మూల మీదుగానే నీ మరకి రావాలని ఆ అమాయకుడికేం తెలుసు? అప్పట్నుంచీ ఏటా నవంబరులో చెక్కబూట్లు టకటకలాడించుకుంటూ రావడం, నా గోడకి ఆ గడకర్ర ఆనించడం, "చూరు మట్టం దాటింది, కొయ్యండి" అనడం! గాలి హక్కట! తాతల నాటి కాయితమట! ఆ దిక్కున ఇంటి చూరు కంటే ఎత్తు ఏదీ ఉండకూడదట! మైండెర్ట్ చనిపోయిన ఏడు కూడా వచ్చావు నువ్వు. నల్లబట్టల్లో ఉన్న దాన్ని, నాచేత నిచ్చెన పట్టించావు. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను.

ఇప్పుడు చూడు. కాలవ గట్టు మీద ఎల్మ్ చెట్లన్నీ ఎండు తెగులొచ్చి పోయాయి. సర్కారు వాళ్ళు కొట్టేసి, బెరడు ఒలిచి, కుప్పేసి తగలబెట్టారు. ఊరంతా పొగ. చర్చి ముందరివి కూడా పోయాయి. మిగిలింది నాదొక్కటే. తెగుళ్ళ పరిశోధన సంస్థ నుంచి ఒక డాక్టరమ్మ వస్తోందని చెప్పాను కదా, వెస్టెన్‌బ్రింక్ అని. పోయిన చలికాలం రెమ్మలు కోసుకెళ్ళి అంటు కట్టింది. వాటికి కావాలని తెగులెక్కించి చూస్తుందట. తట్టుకుంటే ఇక దేశమంతా మా చెట్టు పిల్లలే నాటతారు. "చాలా ఆశగా ఉందమ్మా" అంది. నువ్వు నరికిన చెట్టు గురించే అంది!

నువ్వు లేవు. గడకర్ర నీ మరలో పడుంది. చెట్టుని ఈ ఏడు పెరగనిస్తాను. మైండెర్ట్ నాటిన చెట్టు, చెట్టంత ఎత్తు ఎదిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి నాకు. అంతే నా కోరిక.

తుంటి జాగ్రత్త.

హిస్కె


ఫాల్‌బెర్గ్, లింబుర్గ్,
డిసెంబరు 1977

హిస్కే,

నీ ఉత్తరం చదివి మంచం మీంచి లేవబోయాను. నర్సు పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టింది. నాకేమన్నా అయితే ఆ పాపం నీదే.

నల్లబట్టల్లో నిచ్చెన పట్టించానట! "నేను పట్టుకుంటా, నువ్వు సరిగ్గా కొయ్యవు" అని నిచ్చెన లాక్కుంది ఎవరు? మీ ఆయన అమాయకుడట! మొక్క నాటేముందు తడివేలు గాల్లోకి ఎత్తి గాలి ఎటునుంచి వస్తోందో చూశాడు. నేను మర గుమ్మంలో నించుని చూశాను. కక్షతోనే నాటాడు.

ఇంకా మించిపోలేదు. చిగురు పుట్టేలోపు కొయ్యొచ్చు. పంటి డాక్టరు ఫాపె, ఆ బడిపంతులు, ఇద్దరూ శనివారాలు నా మర నడుపుతామని తయారయ్యారుగా. వాళ్ళకి చెప్పు, గడకర్ర తెస్తారు. ఆ చెట్టు చూరు దాటిందంటే నైరుతి గాలి రెక్కలకి సగమే అందుతుంది, అదీ కుదుపుగా. మర ఎక్కడ ఎందుకు కుదుపుతోందో వాళ్ళకి తెలీదు. పళ్ళు పీకేవాడికి గాలి గురించి ఏం తెలుస్తుంది?

ఇక్కడ గాలే లేదు. నిజంగా లేదు. చుట్టూ కొండలు. పొద్దున్న కిటికీ తీస్తే పొగ తిన్నగా పైకి పోతుంటుంది. చూస్తేనే ఊపిరాడదు నాకు. మనుషులేమో పలకరించినప్పుడల్లా బుగ్గకి బుగ్గ ఆనించి మూడు ముద్దులు. మా అల్లుడు జెఫ్ కూడా! అరవై తొమ్మిదేళ్ళ వాణ్ణి, నన్నిలా ఎవరూ ముద్దులాడలేదు, మా అమ్మతో సహా. కాఫీతో ఒక్క బిస్కట్ ఇచ్చి డబ్బా మూత పెట్టే పద్ధతి లేదు వీళ్ళకి. పళ్ళెం అంత పండ్ల పిండివంట తెచ్చి, రెండు ముక్కలు తిను, మూడు ముక్కలు తిను. తింటున్నాను, ఏం చేస్తాను. డిసెంబరు సింటర్‌క్లాస్ పండక్కి మా అమ్మాయి ఫ్రౌకె నా పేరు మొదటి అక్షరం ఆకారంలో చాక్లెట్ ఇచ్చింది. అది మాత్రం మన పద్ధతే.

ఆ డాక్టరమ్మకి చెప్పు. చెట్టు గొప్పదైతే సగం గొప్ప దాని మంగలిది. దేశమంతా నాటేట్టయితే "ఔకె ఎల్మ్" అని పేరు పెట్టాలి.

కొయ్యి.

ఔకె


ఏల్సుమ్,
మే 1978

ఔకే,

కొయ్యలేదు.

చిగురేసింది. కొత్త రెమ్మలు నా చూరు దాటి, పెంకుల మీదుగా పొగగొట్టం వైపు పోతున్నాయి. వంటింట్లో పొద్దున పూట నీడ పడుతోంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఆ నీడలో కూచుని బఠాణీలు ఒలుస్తున్నాను.

జనం వస్తున్నారు. పక్క ఊరి నుంచి సైకిళ్ళ మీద వస్తున్నారు. "ఇదేనా చావని ఎల్మ్?" అని తల పైకెత్తి చూస్తారు. అందరికీ కాఫీ పోస్తున్నాను. ఒక్కొక్కరికీ ఒక్క బిస్కట్, తర్వాత మూత. ఒకాయన ఇంగ్లండు నుంచి కూడా వచ్చాడు. "అయ్యో, మా దేశంలో మీ డచ్ తెగులు కొట్టి ఎల్మ్ అన్నదే లేకుండా పోయిందండీ" అన్నాడు. మీ డచ్ తెగులట! నాకు ఒళ్ళు మండింది. "మేం కనిపెట్టామయ్యా, పుట్టించలేదు. జ్వరం అని చెప్పిన డాక్టరు పేరు జ్వరానికి పెడతారా?" అన్నాను. రెండో బిస్కట్ ఇవ్వబోయి మానేశాను.

పేరు సంగతి. ఊరి పెద్దలు "ఏల్సుమ్ ఎల్మ్" అందామన్నారు. పక్కింటి ట్రైన్‌చె "హిస్కె ఎల్మ్" అంది, నన్ను కాకా పట్టడానికి, వాళ్ళ కోళ్ళు నా తోటలోకొచ్చాయి కాబట్టి. నేనొప్పుకోలేదు. "మైండెర్ట్ ఎల్మ్" అంతే. డాక్టరమ్మ కాయితం మీద రాసుకుంది. వచ్చే ఏడు మే నెలలో అంటు మొక్కలకి తెగులెక్కిస్తుందట. మంగలి పేరు ఎవరూ అడగలేదు.

నీ కాలెలా ఉంది? ఫ్రౌకె ఉత్తరంలో ఏదో దాస్తున్నట్టు ఉంది. "నాన్న బాగానే ఉన్నాడు" అని మూడుసార్లు రాసింది. ఒక్కసారి రాస్తే నమ్మేదాన్ని.

హిస్కె


ఫాల్‌బెర్గ్,
జూన్ 1978

చెల్లెమ్మా,

ఈ పిలుపు చూసి కంగారుపడకు. జ్వరమేం లేదు.

నీ పుట్టినరోజు. ఇప్పుడక్కడ నీ ఇంట్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉంటారు, ఒక్కొక్కళ్ళూ లోపలికొచ్చి, చుట్టూ ఉన్న ప్రతివాళ్ళకీ చెయ్యి కలిపి "హిస్కె పుట్టినరోజు శుభాకాంక్షలు" అంటూ వరసగా తిరుగుతుంటారు. నా కుర్చీ గడియారం కిందది. దాన్లో ఎవర్నీ కూచోనివ్వకు.

కవర్లో ఒక కాయితం ఉంది. నోటరీ దగ్గర రాయించాను. ఇక్కడి నోటరీకి గాలి హక్కంటే ఏంటో తెలీదు, రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే మీరు గాలిని వదులుకుంటున్నారా?" అన్నాడు. ఔనన్నాను. ఇక నుంచి నా మరకి నీ ఇంటి మీదుగా వచ్చే గాలి మీద ఏ హక్కూ లేదు. నీ చెట్టు ఎంత పెరుగుతుందో అంత పెరగనీ.

సంతోషమేనా?

ఔకె


ఏల్సుమ్,
జూన్ 1978

ఔకే,

నువ్వు చచ్చిపోతున్నావా? నిజం చెప్పు.

ఆ కాయితం అందరి ముందరా విప్పాను, కుర్చీల మధ్యలో. పైకి చదివాను. ట్రైన్‌చె, "పాపం, ఎన్నాళ్ళున్నాయట?" అంది. నేను కేక్ పళ్ళెం బల్ల మీద పెట్టేశాను.

నన్ను చిన్నప్పుడు కాలవలోకి తోసి, నీళ్ళు చల్లగా ఉన్నాయా అనడిగిన వాడివి. నువ్వు ఊరికే ఏదీ ఇవ్వవు. ఏమైంది? వెంటనే రాయి.

నీ కుర్చీలో పాస్టరుగారు కూచోబోతే లేపాను.

హిస్కె


ఫాల్‌బెర్గ్,
సెప్టెంబరు 1978

చెల్లీ,

చావడం లేదు. అంత అదృష్టం నీకు లేదు.

చెప్పక తప్పదు కాబట్టి చెప్తున్నాను. ఏప్రిల్లోనే చెప్పాడు డాక్టరు. కర్ర ఊతంతో నడవగలనట. నిచ్చెన ఎక్కలేనట. రెక్కల మీదికెక్కి తెరగుడ్డ చుట్టలేనట. మర మెట్లు అసలే వద్దట. మర ఎక్కలేని వాడు మర యజమాని ఏంటి హిస్కే? పంటి డాక్టరు, బడిపంతులు కలిసి ఒక సంఘం పెట్టారు, మరని వాళ్ళే చూసుకుంటారు. పిండి అమ్మరట. శనివారాలు పిల్లలకి చూపించడానికి తిప్పుతారట. కాస్త కుదుపు వచ్చినా వాళ్ళకేం నష్టం లేదు.

ఆ మాట విన్న రోజు కొండల వైపు తిరిగి కూచున్నాను. ఏడ్చాను. జెఫ్ వచ్చి మూడు ముద్దులు పెట్టాడు. ఆ రోజు తోసెయ్యలేదు.

నాకు గాలితో పనిలేనప్పుడు నీ చెట్టు మెడ మీద నా కత్తెందుకు అనిపించింది. మైండెర్ట్ ఉండగా ఒక్కసారి కూడా దాన్ని ఎత్తుగా చూడలేదు. నువ్వన్నా చూడు. అది చాలు నాకు.

చెట్టు ఫోటో ఒకటి పంపించు. ఇక్కడ చూసేందుకు ఏమీ లేదు, కొండలు తప్ప.

మీ అన్నయ్య


ఏల్సుమ్,
మే 1979

అన్నయ్యా,

ఫోటో పంపుతున్నాను. బడిపంతులు తీశాడు. కింద నల్లగా ఉన్నది నేను. పైన ఫోటోలో పట్టనిది చెట్టు.

నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచి ఆ చెట్టుకింద కూచున్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు. మైండెర్ట్‌తో పాటు నువ్వు కూడా జొరబడ్డావు అక్కడికి. మొదట కోపమొచ్చింది, ఇప్పుడు అలవాటైంది.

ఎంత అందంగా ఉందనుకున్నావ్! రెండు వేసవులకే పొగగొట్టం దాటి పోయింది. నీ కోత వల్ల మోడు మీద గుబురుగా పిడికిలి కట్టి ఉండేదా, దాన్నుంచి బాణాల్లా పైకి పోయాయి కొమ్మలు. సాయంత్రం గాలొస్తే ఆకులు చేసే చప్పుడు ఇన్నేళ్ళూ నేను విననేలేదు. పొట్టి చెట్టుకి చప్పుడుండదు. ఆ చప్పుడు వింటూ కాఫీ చల్లారిపోయేదాకా కూచుంటున్నాను.

మర కుదుపుతోంది, నువ్వన్నట్టే. పంటి డాక్టరు ప్రతి శనివారం తల గోక్కుంటున్నాడు. నేను నోరు మెదపలేదు.

పేరు పెట్టే పండగ జూలైలో. "మైండెర్ట్ ఎల్మ్" అని ఇత్తడి పలక కూడా వచ్చేసింది. మేయరు మాట్లాడతాడు. బాజాల వాళ్ళొస్తారు. డాక్టరమ్మ ఈ నెలాఖరులో మొక్కలకి తెగులెక్కిస్తానంది. "పండగేదో పరీక్ష ఫలితాలొచ్చాక పెట్టుకుంటే బావుంటుందేమో" అని నసిగింది. ఇన్నేళ్ళు చావని చెట్టుకి పరీక్షలేంటి అన్నాను. నువ్వు రావాలి. కర్రతో వచ్చినా సరే.

నీ చెల్లి


ఏల్సుమ్,
జూన్ ఆఖరు, 1979

అన్నయ్యా,

చెట్టుకి తెగులొచ్చింది.

మొన్న పొద్దున వంటింట్లోంచి చూస్తే పై కొమ్మ ఒకటి పసుపు పచ్చగా వేలాడుతోంది. జూన్‌లో! ఆకులు వేడినీళ్ళు పోసినట్టు ముడుచుకుపోయాయి. ట్రైన్‌చె ఇంటికి పరిగెత్తి ఫోన్ చేశాను. డాక్టరమ్మ నిన్న వచ్చింది. ఆమె మొహం చూడగానే తెలిసిపోయింది.

అంటు మొక్కలన్నీ చచ్చిపోయాయట. ఒక్కటి మిగల్లేదు. తెగులెక్కించిన కొన్ని వారాలకే వాడిపోయాయట. "మీ చెట్టుకి తట్టుకునే శక్తి లేదమ్మా. ఎప్పుడూ లేదు" అంది.

"మరి ఇన్నేళ్ళు ఎలా బతికింది?" అనడిగాను.

ఆమె చూరు వైపు చూసింది. గోడ మీద నీ గడకర్ర ఆనించిన చోట గీతలు పడి ఉంటాయి కదా, వాటిని చూసింది. "ఇది ఏటా కోసేవారా?" అంది. నీ సంగతంతా చెప్పాను, గాలి హక్కు, నవంబరు, చెక్కబూట్లు, అన్నీ. మధ్యలో నిన్ను తిట్టాను కూడా. ఆమె వింటూ వింటూ మెట్టు మీద చతికిలపడింది.

ఆ బెరడు పురుగు పై ఎత్తున ఎగురుతుందట అన్నయ్యా. పొడుగు చెట్ల నెత్తిన లేత రెమ్మల పంగలు వెతుక్కుని కొరుకుతుందట. దాని ఒంటికి బూజు అంటుకుని ఉంటుంది. ఆ గాటులోంచి బూజు చెట్టు లోపలి నీటి దారుల్లోకి దిగుతుంది, చెట్టు దారులు మూసుకుపోయి దాహంతో చస్తుంది. మరి పొట్టి చెట్టు జోలికి రాదా అంటే, పెద్దగా రాదట. కంచెలుగా కోసే ఎల్మ్‌లు బతికిపోయేది అందుకేనట. కాలవ గట్టు చెట్లన్నీ ఠీవిగా నిలబడి చచ్చాయి. నాది నీ మట్టానికి తల వంచుకుని బతికింది.

అర్థమైందా? ఇన్నేళ్ళూ నా చెట్టుని బతికించింది నువ్వు! నీ దిక్కుమాలిన గడకర్ర! నేను తిట్టిన తిట్లన్నీ దాని ఆయుష్షు! ఇక నువ్వు జీవితంలో మొదటిసారి మంచితనం చూపించావు, ఇదిగో, పసుపు పచ్చబడిపోయింది. నిన్నెవరు మంచిగా ఉండమన్నారు?

చట్టం ప్రకారం మొత్తం కొట్టెయ్యాలి. గురువారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. డాక్టరమ్మ మాత్రం, తెగులు ఇంకా పైనే ఉంటే, వెంటనే బాగా కిందికి కోస్తే ఒకవేళ బతకొచ్చు, ఇన్‌స్పెక్టరుతో నేను మాట్లాడతాను అంది. ఎంత కిందికి? ఎవరు కోస్తారు? పంటి డాక్టరుకి చెట్టంటే భయం. నాకు చేతులు రావడం లేదు. ఏం చెయ్యను?

హిస్కె


తంతి
ఫాల్‌బెర్గ్, జూలై 1979

చూరు మట్టం మర్చిపో. మచ్చలేని తెల్ల చెక్క కనపడేదాకా నువ్వే కొయ్యి. ఏడుస్తూ కొయ్యి పరవాలేదు. ఔకె


ఏల్సుమ్,
జూలై 1979

అన్నయ్యా,

కోశాను.

తంతి తెచ్చిన పోస్టుమాను పైకి చదివాడు, ట్రైన్‌చె ముందర. అరగంటలో ఊరంతా మా పెరట్లో ఉంది. నిచ్చెన పట్టుకోవడానికి ట్రైన్‌చె మొగుడు, రంపానికి స్పిరిట్ పూయడానికి డాక్టరమ్మ, అడ్డం రావడానికి మిగతా ఊరు. నేను మైండెర్ట్ పంట్లాం తొడుక్కుని ఎక్కాను. "అరవై మూడేళ్ళ ముసలిదాన్ని ఎక్కిస్తారా!" అని పాస్టరుగారు గోల. "మీరెక్కుతారా?" అన్నాను. ఆయన కింద నిలబడి ప్రార్థన మొదలెట్టాడు.

మొదటి కోత పొగగొట్టం ఎత్తులో. డాక్టరమ్మ కోసిన ముక్క తిప్పి చూపించింది. తెల్లటి చెక్కలో వలయంలా గోధుమరంగు చుక్కలు, ఎవరో సూదితో పొడిచినట్టు. అదే తెగులు నడిచిన దారి. "ఇంకా కిందికి" అంది. కోశాను. చుక్కలు. ఇంకా కిందికి. చుక్కలే. చూరు మట్టానికి వచ్చాను, నువ్వు ఏటా ఆపే చోటుకి. అక్కడా చుక్కలే. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నిచ్చెన మీద నించుని, రంపం పట్టుకుని, ఊరందరి ముందర. ఎవరూ నవ్వలేదు. "కొయ్యి హిస్కే" అంది ట్రైన్‌చె. దాని నోట్లోంచి మంచిమాట రావడం అదే మొదలు.

నీ పిడికిలి మోడు కింద, కిటికీ ఎత్తులో, ఒక్క చుక్క లేని తెల్ల చెక్క వచ్చింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని చూసింది. "తెలుపే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను దిగలేకపోయాను. ట్రైన్‌చె మొగుడు బస్తాలా భుజాన వేసుకుని దించాడు.

నువ్వు ఏనాడూ అడగనంత పొట్టిగా ఉంది ఇప్పుడు. నించుంటే నా భుజం దాకా. ఇన్‌స్పెక్టరు గురువారం వచ్చి, "చెట్టేది?" అన్నాడు. చూపించాను. డాక్టరమ్మ పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పింది. వసంతం దాకా గడువిచ్చాడు. ఒక్క చిగురు పసుపు పచ్చబడినా వేళ్ళతో పెకలించేస్తానన్నాడు. కోసిన కొమ్మలు బెరడుతో సహా కాల్చేశాం. పొయ్యిలోకి రెండు కర్రలు దాచుకుందామనుకున్న ట్రైన్‌చెని డాక్టరమ్మ గేటు దగ్గర పట్టుకుంది.

ఇంకొకటి చెప్పాలి. మర్నాడు పొద్దున లేచి చూస్తే నీ మర రెక్కలు సంతాపం గుర్తుగా ఆపి ఉన్నాయి, నిట్టనిలువు దాటి కాస్త వంగి, ఊళ్ళో ఎవరో పోయినప్పుడు పెట్టినట్టు. పంటి డాక్టరూ పంతులూ కలిసి పెట్టారట, మర్యాదకని. చెక్కబూట్లేసుకుని వెళ్ళి తలుపు బాదాను. "నా చెట్టు చావలేదురా నాయనల్లారా! తిప్పండి రెక్కలు!" అన్నాను. హడావిడిగా తిప్పారు. అసలు కుదుపే లేదట ఇప్పుడు. నైరుతి గాలి నేరుగా వస్తోందని, మర ఎంత బాగా నడుస్తోందో అని మురిసిపోతున్నారు.

పండగ లేదు. మేయరు వేరే ఊళ్ళో ఏదో వంతెన తెరవడానికి పోయాడు.

నేను రెండు వేసవులు చూశాను దాన్ని ఎత్తుగా. ఆ ఆశే దాన్ని చంపబోయింది. వసంతంలో బతికుంటే అది మళ్ళీ చూరు వైపు పోతుంది, మళ్ళీ పురుగొస్తుంది. ఈసారి కొయ్యమని ఎవరంటారు? నేనా? మే నెల ఆకు చప్పుడు వింటూ, ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అంటాను. నా సంగతి నాకు తెలుసు. నా మీద నాకు నమ్మకం లేదు అన్నయ్యా.

చెల్లి


ఫాల్‌బెర్గ్,
ఏప్రిల్ 1980

హిస్కే,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. మళ్ళీ నోటరీ దగ్గరికి వెళ్ళాను.

"వదిలేసిన గాలి వెనక్కి కావాలి" అన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు. "అయ్యా, మీరు మర ఎక్కలేరు. మరని సంఘానికిచ్చేశారు. గాలితో మీకేం పని?" అన్నాడు. నాకు కాదు, చెట్టుకి పని అన్నాను. "గాలి మరకి, మర చెట్టుకి, ఇదేం లెక్కండీ?" అన్నాడు. ఒక పూటంతా కూచోబెట్టి పురుగు సంగతీ బూజు సంగతీ మన సంగతీ అన్నీ చెప్పాను. చివరికి కళ్ళు తుడుచుకుంటూ రాశాడు. లింబుర్గ్ వాళ్ళు ప్రతిదానికీ ఏడుస్తారు.

కవర్లో ఉంది, చదువు. మర నిలిచున్నంత కాలం, నీ ఇల్లు నిలిచున్నంత కాలం, ఆ మూలనున్న చెట్టు చూరు మట్టం దాటకూడదు. ఏటా నవంబరులో మర వాళ్ళు వచ్చి కొలిచి తీరాలి. ఇంటివాళ్ళు వద్దన్నా ఊరుకోకూడదు. ఇంటివాళ్ళు ఏడ్చినా, తిట్టినా, బిస్కట్లు పెట్టినా ఊరుకోకూడదు. బిస్కట్ల మాట నోటరీ కొట్టేశాడు. ఈ హక్కుని ఎవరూ మంచితనంతో వదులుకోవడానికి వీల్లేదు. ఆ వాక్యం నాది. దాన్ని తీసేస్తే సంతకం పెట్టనన్నాను.

కింద ఖాళీ గీత నీకు. నీ ఒప్పుకోలు లేకుండా చెల్లదట. నీ చెట్టుని నువ్వే పొట్టిగా ఉంచుతానని ఒప్పుకోవాలి. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు. బలవంతం చెయ్యను. చిగురేసిందో లేదో రాయి. రోజూ పోస్టు డబ్బా దగ్గరే నించుంటున్నాను.

ఔకె


ఏల్సుమ్,
మే 1980

అన్నయ్యా,

నీ కాయితం వచ్చి మూడు వారాలైంది. చిగురు చూడకుండా సంతకం పెట్టకూడదనుకున్నాను. చచ్చిన చెట్టుకి సంతకమెందుకు?

రోజూ వెళ్ళి మోడు ముందు నించున్నాను. కప్పుతో నీళ్ళు పోశాను, వానలో కూడా. ఇరుగుపొరుగు అడగడం మానేశారు. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు గేటు దగ్గర్నుంచి చూసి వెళ్ళాడు.

నిన్న పొద్దున బెరడు మీద ఎర్రగా మొటిమల్లా కనపడ్డాయి. పురుగులేమో అనుకున్నాను. వంగి చూశాను. మొగ్గలు! మోడు చుట్టూతా మొగ్గలు! ఒకటి అప్పుడే విచ్చుకుంది, గరుకుగా, అంచున రంపపు పళ్ళతో, పచ్చగా, ముదురు పచ్చగా. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. అవతల ఆమె ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "దాన్ని ఎన్నటికీ ఎదగనివ్వకండి" అంది.

సాయంత్రం వంటింటి బల్ల మీద సంతకం పెట్టాను. మైండెర్ట్‌తో చెప్పాను, నీ చెట్టు ఎత్తు నేను చూశాను, ఆ చప్పుడు విన్నాను, నీకు ఒకరోజు వచ్చి చెప్తాను, ఇక చాలు అని. ఆయన ఏమంటాడో నాకు తెలుసు. "మీ అన్నే గెలిచాడన్నమాట" అంటాడు.

మన పిల్లలు ఈ కాయితం చదివి మనిద్దరికీ మతిపోయిందనుకుంటారు. నా మనవరాలు చెట్టుని ఎత్తుగా పెంచుకుంటానని ఏడుస్తుంది. ఆ సంఘం వాళ్ళు గడకర్ర పట్టుకుని గుమ్మం మీదికొస్తారు. మావాళ్ళు తలుపేసుకుంటారు, వాళ్ళు నోటరీ దగ్గరికి పోతారు, ఊరు రెండు పార్టీలవుతుంది. అవ్వనీ. మరకీ ఈ ఇంటికీ మధ్య అరుపులు వినపడుతున్నన్నాళ్ళూ చెట్టు బతికున్నట్టే.

హిస్కె